వినికిడి విద్య

విజయవాడ ఆటోనగరులో బ్రేకుపని నేర్చిన మేస్త్రీకి చేతికి పానా తగులుటకు మున్నే చెవి పనిచేయును. వానకు తడిసిన డిస్కుపై రాత్రికి రాత్రి పుట్టిన సన్నని త్రుప్పు ఉదయమున రెండు మూడు మారులు బ్రేకు త్రొక్కగానే రాలిపోవును గనుక, ఆ క్షణికమైన కీచుధ్వనిని ఆతడు చిరునవ్వుతో త్రోసిపుచ్చును. ప్యాడు అరిగి అరిగి, పెక్కింటికి అంచున అమర్చియుండు చిన్న ఉక్కురేకు డిస్కును రాచుకొనుటచే పుట్టు ఎడతెగని కూత మాత్రము తయారుచేసినవారే బుద్ధిపూర్వకముగా ఏర్పరచిన హెచ్చరిక యని యెరిగి, జాకీ ఎత్తి చక్రము విప్పును. క్రొత్తనాడు సుమారు 10 మిల్లీమీటర్ల మందముండు ప్యాడుపొర 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్పక తప్పదు.

అయినను నిజమైన నేర్పరి అంతటితో ఆగడు. వెలుపలి ప్యాడు బాగుగనే యున్నను, లైటు వేసి లోపలిదానిని వంగి చూచి, అదియొక్కటే అరిగియున్నచో ప్యాడులను డిస్కుకు అదుము కాలిపరు యొక్క పిన్నులు బిగిసియుండునని అనుమానించి, వానిని శుభ్రపరచి తగిన గ్రీజు పూసిన పిమ్మటగాని క్రొత్తవి తొడుగడు. ప్యాడులు మార్చి పైసలు పుచ్చుకొని పంపువారికి కొరత లేదు. వారిని మేస్త్రీలనుటకు నాకు మనసొప్పదు.

కూత మారి గరగర వినవచ్చినచో ఇనుము ఇనుమును తినుచున్నదన్నమాట. అప్పుడు డిస్కు ఖర్చు సైతము మీద పడవచ్చును. కావున చదువరులారా, కీచుమన్ననాడే చూపించుకొనుడు.