ఆటిజము గల బాలుర భాష: కానర్ నిర్ణయముపై ఒక విమర్శ

ఆటిజమునకు సంబంధించిన భాషాపరిశోధనకు లియో కానర్ వ్యాసములు రెండు మూలాధారములు. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున బాలమనోవైద్యుడైన ఆయన 1943లో 11 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. వారిలో 8 మందికి మాటలు వచ్చెను, ముగ్గురికి రాలేదు. వచ్చిన మాటలును ఇతరులకు భావమును తెలుపుట కుపకరింపలేదని ఆయన తలచెను. 1946 నాటి రెండవ వ్యాసమున ఇట్టి పిల్లల మాటలనే తిరిగి పరిశీలించి, శీర్షికయందే వానికి రెండు విశేషణములు కూర్చెను: అసంగతము, రూపకాత్మకము. ఈ రెండును ఒక్కచోట ఎట్లు పొసగునో విచారించుటయే మా ఉద్దేశము.

కానర్ చూపిన ఉదాహరణములను గమనింతము. ఒక బాలుడు వంటపాత్రను చూచినప్పుడెల్ల ఒక శిశుగేయములోని మాటలు పలికెడివాడు. అతని రెండవయేట తల్లి ఆ గేయమును వినిపించుచుండగా ఆమె చేతిలోని పాత్ర జారిపడినది. ఇంకొక ఉదాహరణము: ఇంగ్లండులోని ఒక హోటలులో బాలుడు బొమ్మకుక్కను బాల్కనీనుండి పదే పదే పడవేయగా తల్లి వారించెను. అది మొదలు ఏ వస్తువును విసరబుద్ధి పుట్టినను, కుక్కను పడవేయవద్దని తనకు తానే చెప్పుకొనెడివాడు.

మన ఆలంకారికులు లక్షణకు ముఖ్యార్థబాధ, తద్యోగము, రూఢి ప్రయోజనములలో నొకటి కావలెననిరి. గంగలో గొల్లపల్లె యన్నచో గంగాతీరమని గ్రహించుట ఇట్టిదే. బాల్కనీవాక్యమున ముఖ్యార్థబాధ కలదు: ఎదుట కుక్కయు లేదు, బాల్కనీయు లేదు. సంబంధము కలదు: నాటి నిషేధమే నేటికిని వర్తించుచున్నది. ప్రయోజనమును కలదు: తన్ను తాను వారించుకొనుట. గేయమునకును పాత్రకును గల సంబంధము మాత్రము సాదృశ్యము కాదు, సాహచర్యము. కావున దానిని రూపకమనుట సరికాదు. అది ఆ బాలు నొక్కనికే ఏర్పడిన రూఢి.

ఇక లోపించిన దేమి? ఆ సంబంధము శ్రోతకు తెలియకపోవుటయే. అసంగతమనగా వినువారికి అట్లు తోచునని మాత్రమే కానర్ భావమని సమర్థింపవచ్చును. కాని ఆ మాట రోగచిహ్నముల పట్టిక కెక్కునప్పుడు 'వినువారికి' అనునది జారిపోవును. శ్రోత యొక్క తెలియమి వక్తయందలి లోపమగును. మా ఆక్షేపణ ఇదియే.

ఇట్టి పొరపాటు ఎంత దూరము పోగలదో సర్వనామముల చరిత్ర తెలుపును. పిల్లలు 'నేను' అనవలసినచోట 'నీవు' అనుటను, విన్నది విన్నట్లు పలుకుటగా కానర్ వివరించెను. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ దానిని ఆత్మనిరాకరణముగా వ్యాఖ్యానించి, ఆటిజమునకు మూలమును తల్లిదండ్రుల వైముఖ్యమున వెదకెను. 1977లో ఫోల్‌స్టైన్, రట్టరులు 21 కవలజంటలను పరిశీలించిరి. ఏకాండజములైన 11 జంటలలో 4 జంటలయందు ఇద్దరికిని ఆటిజము కనబడెను. ద్వ్యండజములైన 10 జంటలలో ఒక్కదానియందును అట్లు కనబడలేదు. జన్యువుల ప్రభావమును తెలిపిన ఇట్టి పరిశోధనల ముందు తల్లిని నిందించిన వాదము నిలువలేదు. 1981లో ప్రిజాంట్, డూకనులు నలుగురు పిల్లలు వెంటనే మారుపలికిన మాటలలో ఏడు ప్రయోజనములను గుర్తించిరి. వానిలో ఆత్మనియమన మొకటి. బాల్కనీవాక్యము చేసిన పనియు అదియే కదా!

మన పరిశోధకు లొక విషయమును గమనింపవలెను. తెలుగున పురుషభేదము క్రియాంతమునను తెలియును. 'వస్తావా?' అని యడుగగా, తాను రాదలచిన బాలుడు 'వస్తావు' అన్నచో, సర్వనామము లేకయే పురుషవ్యత్యయము కలిగినది. ఆంగ్లమున సర్వనామములను లెక్కించు పద్ధతిని యథాతథముగా గైకొన్నచో ఇది కంటబడదు.

ప్రతి వాక్యమునకును మూలము దొరకునని మేమనము, దొరకనంతమాత్రమున లేదనరాదు. కానర్‌కు ఆ మూలములు తెలిసినది తల్లులు జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పుటచేతనే. కావున పరిశోధకుడు మాటను మాత్రము వ్రాసికొనిన చాలదు. అది తొలుత ఎచ్చట, ఎవరి నోట వినబడినదో ఇంటివారి నడిగి, దాని ప్రక్కనే వ్రాసికొనవలెను. అటుపిమ్మటనే అర్థము కలదో లేదో నిర్ణయింపదగును.