మంచు నాలుకలు చెప్పే దారి

ఇగ్లూలిక్ వేటగాళ్ళ దారులు ఏటా వేసవికి కరిగిపోతాయి. కెనడా ఉత్తరాన, నూనవుట్‌లో, ఓ చిన్న దీవి మీద సుమారు రెండు వేలమంది ఉండే ఇనుయిట్ల ఊరది. చలికాలం వచ్చి సముద్రం గడ్డకట్టాక, ఆ దారులు నిరుడు ఉన్నచోటే మళ్ళీ పడతాయి. ఎక్కడ మళ్ళాలో, ఎక్కడ ప్రవాహం అడుగునుంచి మంచును కొరికేస్తుందో పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పుకుంటూ రాగా నిలిచిన దారులవి. సీల్‌కూ, వాల్రస్‌కూ, కారిబూ జింకకూ వాళ్ళు వేటకు వెళ్ళేది వీటి మీదుగానే.

మన కోస్తా మత్స్యకారులు కూడా చేపలకు వెళ్ళడాన్ని వేటకెళ్ళడమే అంటారు. ఒడ్డు కనబడనిచోట దిక్కు తెలియడం ఎంత పెద్ద విద్యో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే మనకున్న ఆసరాలు ఇగ్లూలిక్‌లో లేవు. హైదరాబాదులో ధ్రువనక్షత్రం ఆకాశంలో 17 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. దానికి ఎదురుగా నిలబడితే చాలు, అదే ఉత్తరం. ఇగ్లూలిక్‌లో అదే చుక్క 69 డిగ్రీలకెక్కి దాదాపు నడినెత్తి మీదికొస్తుంది. తల వెనక్కి వాల్చి చూసినా ఏ వైపుందో పోల్చుకోవడం కష్టం. భూమి అయస్కాంత ధ్రువానికి దగ్గరి ప్రాంతం కావడంతో దిక్సూచి ముల్లునూ నమ్మడానికి లేదు. నవంబరు చివరినుంచి జనవరి మధ్యదాకా సూర్యుడు ఉదయించనే ఉదయించడు.

అందుకని వాళ్ళు గాలిని నమ్ముకున్నారు. పడమర, వాయవ్యాల మధ్యనుంచి వీచే బలమైన గాలి పేరు ఉవంగ్నక్. అది మంచును కోసి, చెక్కి, రాయిలా గట్టిపడిన పొడుగాటి గుట్టల్ని వదిలిపెడుతుంది. వాటి ఆకారం నాలుకలా ఉంటుంది కనుక ఉకలురైత్ అన్నారు. వాళ్ళ భాషలో నాలుకని ఉకక్ అంటారు. తర్వాత ఏ గాలి వీచినా ఆ నాలుకలు అంత తేలిగ్గా చెదరవు. చుట్టూ మైళ్ళకొద్దీ అన్నీ ఒకే వాలున పడి ఉంటాయి. ఊరు దాటేటప్పుడు తన దారి వాటిని ఏ వాలున కోస్తూ పోయిందో వేటగాడు గుర్తుపెట్టుకుంటాడు. గాలికి మంచు లేచి, తన మంచుబండి ముందు భాగం కూడా తనకు కనబడనప్పుడు, దిగి బూటుకాలితో నేల గీకుతాడు. పైన కొత్తగా పడిన మెత్తటి మంచు పక్కకు పోతుంది. కింద గట్టి నాలుక కాలికి తగులుతుంది. దాని వాలు చూసుకుని మళ్ళీ బండెక్కుతాడు. అక్కణ్ణుంచి అడ్డొచ్చే నాలుకల మీదుగా బండి కుదుపే దిక్కు చెబుతుంది. దిక్కును కాలితో చదువుకునే ఈ నేర్పు గురించి మొదటిసారి తెలుసుకున్నప్పుడు, బడిలో నేర్చిన నాలుగు దిక్కుల పాఠం నాకు చాలా చిన్నదిగా అనిపించింది.

1990ల మధ్యలో జీపీఎస్ పెట్టెలు ఆ ఊరు చేరాయి. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందుకుని, నిలబడ్డ చోటు ఎక్కడో కొన్ని మీటర్ల తేడాతో అవి చెప్పేస్తాయి. వేసవిలో పడవల మీద వాల్రస్ వేటకెళ్ళి పొగమంచులో చిక్కుకున్నవాళ్ళకు అది ప్రాణం పోసినట్టే. అంతకుముందు పొగమంచు విడిచేదాకా కదలకుండా కాచుకోవలసి వచ్చేది. కనుక ఈ పరికరాన్ని తీసిపారేసే హక్కు బయటివాళ్ళకు లేదు.

కాని అది ఇంటికి గీసి చూపే గీత తిన్నగా ఉంటుంది. దారి తిన్నగా ఉండదు. పెద్దలు నాలుగు మైళ్ళు చుట్టుతిరిగి వెళ్ళేచోట ఆ గీత పలచటి మంచు మీదుగా దూసుకుపోతుంది. తీరాన్ని కరుచుకుని కదలకుండా ఉండే మంచును వాళ్ళు తువక్ అంటారు, దాని అంచును సినాక్ అంటారు. ఆ అంచు అవతల గాలికీ పోటుపాట్లకీ కదిలే మంచు ఉంటుంది. వాల్రస్ కోసం దాని మీదికి వెళ్ళిన మనిషి గాలి మళ్ళకముందే తిరిగి రావాలి, లేకపోతే మంచుతోపాటే కొట్టుకుపోతాడు. ఈ సంగతులేవీ ఆ పెట్టెకు తెలియవు. పైగా ఆ చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. క్లాడియో అపోర్టా, ఎరిక్ హిగ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇగ్లూలిక్‌లోని ఈ మార్పు గురించి 2005లో రాశారు. వాళ్ళను ఎక్కువగా ఆలోచింపజేసింది మనిషికీ నేలకూ మధ్య సంబంధం పలచబడడం. నాకు అందులో ఇంకో నష్టం కూడా కనిపిస్తుంది. దారి తెర మీదే దొరికితే కుర్రవాడికి పెద్దవాళ్ళను అడిగే పని ఉండదు. అడిగేవాళ్ళు లేకపోతే ఆ చదువు ఒక్క తరంలో ఆగిపోతుంది.

ఇప్పుడు చాలామంది వేటగాళ్ళ దగ్గర ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ పరికరాలున్నాయి. భూమధ్యరేఖ మీద నిలిచే ఉపగ్రహాలు అంత ఉత్తరాన దిగంతానికి దగ్గరగా, చాలా కిందుగా ఉంటాయి. ఇన్‌రీచ్ వాడేది ధ్రువాల మీదుగా తిరిగే 66 ఇరిడియం ఉపగ్రహాలను. అందుకే ఫోన్ సిగ్నల్ లేని మంచు నడుమనుంచి కూడా ఇంటికి కబురు పంపవచ్చు, ఆపదలో మీట నొక్కి సాయం అడగవచ్చు.

ఇవన్నీ బయటివాళ్ళు చేసిన వస్తువులు. సికు అనే యాప్ వేరు. ఆ మాటకు అర్థం సముద్రపు మంచు. హడ్సన్ అఖాతంలోని సనికిలువాక్ ఊళ్ళో పుట్టిన ఆర్కిటిక్ ఐడర్ సొసైటీ దాన్ని 2019లో తెచ్చింది. ఉపగ్రహం తీసిన మంచు చిత్రాలు, వాతావరణం, వేటగాళ్ళు పంపే ఫొటోలు అందులో ఒక్కచోట కనిపిస్తాయి. ఎవరు పెట్టిన సమాచారం మీద వాళ్ళకే హక్కు. మంచు రకాల పేర్లు వాళ్ళ భాష ఇనుక్తితుత్‌లో ఉంటాయి. మన తెలుగులో కురిసేదీ మంచే, గడ్డకట్టేదీ మంచే. వాళ్ళకు అలా కుదరదు, ఏ మంచు మనిషిని మోస్తుందో పేరులోనే తెలియాలి. పైగా సముద్రం ఇప్పుడు ఆలస్యంగా గడ్డకడుతోంది, పెద్దల లెక్కలు కూడా కొన్నిచోట్ల తప్పుతున్నాయి. నిన్న ఎవరో చూసిన పగులు ఇవాళ బయల్దేరేవాడికి తెలియడం అందుకే అంత అవసరం.

పగులు కనబడ్డ కుర్రవాడు బండి ఆపుతాడు. చలికి ఆగిపోకుండా కోటు లోపల రొమ్ముకు ఆనించి పెట్టుకున్న ఫోన్ బయటికి తీస్తాడు, చేతితొడుగు పళ్ళతో లాగి ఫొటో తీస్తాడు. తర్వాత ఆ మంచు పేరు ఎంచుకోవాలి. తెలియకపోతే, పక్క బండిమీదున్న పెద్దాయన్ని అడుగుతాడు.