చాదస్తమను మాట

వార్ధక్యమునకు సంబంధించిన మన మాటలలో 'చాదస్తము'ను మించి సులువుగ నోటికి వచ్చునది వేఱొకటి లేదు. ఛాందసుడనగా వేదాధ్యయనము చేసినవాడు. ఆ పదమునుండి పుట్టిన చాదస్తము నేడు అడిగినదే యడుగు వృద్ధులకు, అందును విశేషముగ వృద్ధస్త్రీలకు బిరుదమైనది. పెన్నానదిపై జలాశయముగల మా మైలవరపు ప్రాంతమున తాత తన పొలముగట్టు మఱచెనేని ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. అవ్వ కూరలో రెండుమాఱులు ఉప్పు వేసెనేని నవ్వి యూరకుందురు. మొదటిది రోగమట, రెండవది స్వభావమట! ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో విమర్శించుట యీ వ్యాసోద్దేశము.

స్త్రీబుద్ధిని నిందించువారు పలుమాఱు శాస్త్రమును సాక్ష్యమునకు పిలిచిరి. ఫ్రాన్సు దేశపు వైద్యుడగు పాల్ బ్రోకా స్త్రీ మెదడు బరువు తక్కువగుటకు ఆమె దేహము చిన్నదగుట కొంత కారణమైనను, బుద్ధి తక్కువగుటయు గొంత కారణమని 1861లో వ్రాసెను. ఆ తూనిక నేడు చెల్లదు. కాని దాని స్థానమున మఱియొక వాదము బయలుదేఱినది. ఆల్జీమర్సు అను మతిమఱపు వ్యాధి స్త్రీలలో హెచ్చు గావున, వారి మెదడే త్వరగ జీర్ణించునని యా వాదము.

దీనిని పరీక్షించుటకై నార్వే దేశమున ఓస్లో విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు 4,726 మంది ఆరోగ్యవంతుల మెదడు చిత్రములను, మొత్తము 12,638 ఎం.ఆర్.ఐ. ప్రతిబింబములను పరిశీలించి, 2025లో ఫలితములను ప్రకటించిరి. ప్రతి మనిషికిని కాలవ్యవధి నిచ్చి రెండుమాఱులకు తక్కువ గాకుండ చిత్రములు తీసిరి. కావున వేఱువేఱు మనుష్యులను పోల్చుట గాక, ఒకే మెదడు కాలక్రమమున నెట్లు మాఱినదో చూడగలిగిరి. తేలినదేమన, వయస్సుతోడి క్షయము పురుషులలోనే యెక్కువ భాగములయందు కానవచ్చినది. స్త్రీ మెదడు త్వరగ జీర్ణించుటచేతనే వ్యాధి హెచ్చు అను మాట యిక నిలువదు.

అయినను ఈ గ్రంథమునకు జయజయధ్వానములు చేయుటకు ముందు దాని పరిమితినిగూడ నెఱుగవలయును. అందు పాల్గొన్నవారు ఆరోగ్యవంతులు, స్వచ్ఛందముగ పరీక్షకు వచ్చినవారు, ప్రధానముగ పాశ్చాత్యదేశీయులు. బడిముఖము చూడని మన పల్లె యవ్వ అందు లేదు. మఱియు మెదడు పరిమాణము వేఱు, జ్ఞాపకశక్తి వేఱు. పురుషుల మెదడు హెచ్చుగ క్షీణించునని వారిని పరిహసించుటయు, మునుపటి దోషమునే తలక్రిందులుగ చేయుట యగును.

మన దేశమున జరిగిన పరిశోధన మనకు మఱింత ముఖ్యము. 2017 మొదలు 2020 వఱకు అరువదేండ్లు నిండిన 4,096 మందిని పరీక్షించి, ఆ లెక్కలనుబట్టి 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము, ఆ వయస్సువారిలో నూటికి 7.4 మందికి మతిమఱపు వ్యాధి కలదు. స్త్రీలలో నూటికి 9, పురుషులలో 5.8. ఇది కేవలము స్త్రీలు దీర్ఘకాలము జీవించుటచేతనేనా? మన దేశమున స్త్రీపురుషుల ఆయుర్దాయములకు భేదము సుమారు మూడేండ్లే. ఆ మూడేండ్లే యింత యంతరమును కల్పించెనని నమ్ముట కష్టము. ఆ పరిశోధనయందే చదువు బొత్తిగా లేనివారిలోను, పల్లెవారిలోను వ్యాధి హెచ్చని కనబడినది. 1951 జనాభా లెక్కలనాటికి మన దేశమున పురుషులలో నూటికి 27 మందికి అక్షరములు వచ్చియుండగా, స్త్రీలలో తొమ్మండ్రుగురికైనను నిండుగ రాలేదు. నేటి వృద్ధస్త్రీలు ఆ కాలపు బిడ్డలు, లేక ఆ తల్లుల బిడ్డలు. బాల్యమున చదువుకొన్న మెదడు వార్ధక్యమున రోగమును కొంతకాలము తట్టుకొనగలదని శాస్త్రజ్ఞు లనేకులు చెప్పుచున్నారు. ఆ నిలువధనమును ఆడపిల్లకు కూడబెట్టనీయనిది ప్రకృతి గాదు, మన యిండ్లే.

కొలుచు మానికయందును లోపము గలదు. 1975లో అమెరికాయందు రచించిన ముప్పది గుణముల పరీక్ష లోకమంతట వ్యాపించినది. అందు ఒక వాక్యము చదువవలెను, ఒకటి వ్రాయవలెను, పంచకోణములను చూచి గీయవలెను. మా యింటి యవ్వకు సంతకము రాదు. కాని ఏ రైతు ఎన్ని బస్తాల వేరుసెనగ బాకీయో వేళ్లమీద చెప్పెడిది. ఆమె మాటలు తడబడిన నాలుగేండ్లకు గాని ఆమెను వైద్యునికడకు తీసికొనిపోలేదు. ఆమె తమ్మునికి అట్టిదే జరుగగా నెలలోపలనే పట్టణమునకు తీసికొనిపోయిరి. వైద్యుడు కలమిచ్చి వాక్యము వ్రాయుమనగా అవ్వ నవ్వి, "నాకు పలక ఎవురు పట్టిచ్చినారు నాయనా?" అనెను. కాగితముపై ఆమెకు సున్న పడినది. ఆ సున్న నిజముగ ఎవరికి పడవలసినదో నాకు నేటికిని సందేహము లేదు. చదువు రానివారికై మార్చిన పరీక్షలు నేడు మన దేశమున కలవు. పైజెప్పిన భారతదేశ పరిశోధనయందు అట్టివానినే వాడిరి. వైద్యులందఱును వానిని వాడుట ధర్మము.

హైదరాబాదునందలి నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడిగారును, వారి సహచరులును 648 మంది రోగులను పరిశీలించి, రెండుభాషలు మాట్లాడువారికి ఏకభాషీయులకంటె నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ వ్యాధి పొడసూపినదని 2013లో ప్రకటించిరి. బొత్తిగా చదువురానివారియందును ఈ భేదము కనబడినది. అది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క గనుక ఊరందఱకును వర్తించునని గట్టిగ చెప్పరాదు. అయినను బడి లేనిచోట సయితము బుద్ధికి వ్యాయామము కలదని యిది సూచించుచున్నది. మా వైపున పొరుగింటితో ఉర్దూ, తన యింట తెలుగు మాట్లాడు స్త్రీలు ఎందఱో కలరు. ఆమెను మూలగదికి త్రోసి మాటాడువారు లేకుండ చేయుట ఆ వ్యాయామమును మాన్పించుటయే.

2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము పదునాలుగు కారణములను చూపి, వానిని తొలగించినచో ఈ వ్యాధిలో ఇంచుమించు సగపాలు నివారించుటకో, ఆలస్యము చేయుటకో వీలున్నదని చెప్పెను. బాల్యమున చదువు లేమి, చెవుడు, చూపు మందగించుట, రక్తపుపోటు, మధుమేహము, ఏకాంతవాసము అందు కలవు. వీనిలో నేది స్త్రీస్వభావము? కంటిపొర తీయించుట, చెవికి యంత్రము పెట్టించుట, మనుమరాలిని బడికి పంపుట మనచేతిలోని పనులే.

చదువరులారా! మీ యింటి పెద్దామె నేడు అడిగినదే మరల నడిగినచో చాదస్తమని నవ్వకుడు. తాతను ఎన్నిదినములలో వైద్యునికి చూపుదురో, అవ్వనుగూడ అన్నిదినములలోనే చూపుడు.