సంఘపట్టీయు, వీక్షకుల లెక్కయు

సంఘముల వార్షిక నివేదికలను శ్రద్ధగా చదువువారు మనలో కొద్దిమందియే. సర్వసభ్య సమావేశమున కార్యదర్శి చదువుచుండగా సగముమంది భోజనపు వేళను తలంచుచుందురు. అయినను ఇట్టి నివేదికలు కొన్నింటిని ఇటీవల వరుసగా చదివితిని. నా అభిప్రాయమును దాచక వ్రాయుచున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆలయముల తలుపులు మూయబడినప్పుడు, అనేక సంఘములు ఆరాధనను యూట్యూబు ద్వారా ఇండ్లకు పంపనారంభించెను. అది మంచి పని. మంచము పట్టిన వృద్ధులును, కూలికై గల్ఫు దేశములకు పోయిన మన బిడ్డలును తమ సంఘపు పాటను మరల వినగలిగిరి. దానిని నేను ఆక్షేపింపను. నివేదిక వ్రాయు తీరే నాకు నచ్చలేదు.

నేను చదివినవాటిలో “మాధ్యమ సేవ” అను శీర్షిక మొదటి పుటకెక్కినది. ఎన్ని ప్రసంగములు, ఎన్ని వీక్షణలు, ఎందరు చందాదారులు, అన్నియు పెద్ద అక్షరములలో. సభ్యత్వపు సంగతి చివరి పుటలో రెండు పంక్తులు: ఇన్ని బాప్తిస్మములు, ఇందరి పేళ్లు తీసివేయబడెను. ఏల తీసివేయబడెను? చనిపోయిరా, పట్నము చేరిరా, అలిగి కూర్చుండిరా? నివేదిక పలుకదు. చందా అను మాటకే ఇప్పుడు రెండర్థములు కలిగినవి, చూడుడు. దమ్మిడీ ఇయ్యక బొత్తాము నొక్కినవాడు చానెలుకు చందాదారుడు. ఏండ్ల తరబడి ఇచ్చి, పంట పోయిన యేట ఇయ్యలేకపోయినవాడు సంఘమునకు బాకీదారుడు!

పేరు కొట్టివేయుట చిన్న సంగతి కాదు. వోటు పోవుట అటుండనిండు. ఇంట శవమును పెట్టుకొని సమాధుల తోటలో స్థల మడుగవచ్చినవారికి, పట్టీలో మీ తండ్రి పేరు లేదని చెప్పవలసివచ్చినప్పుడు ఆ రెండు పంక్తుల బరువు తెలియును.

మరి వీక్షణ యనగా నేమి? ఫేస్‌బుక్ సంస్థ 3 సెకండ్లు చూచినను దానిని వీక్షణగా లెక్కించుచుండెను. 3 సెకండ్లలో కాపరి గొంతు సవరించుకొనుటయైనను ముగియదు. జనులు సగటున చూచు కాలమును రెండేండ్లపాటు హెచ్చుగా చూపితిమని 2016లో ఆ సంస్థయే ఒప్పుకొనెను. 3 సెకండ్లలోపు విడిచిపోయినవారిని ఆ సగటులో చేర్చకపోవుటయే కారణము. వ్యాపారస్థులే తమ లెక్కను దిద్దుకొనగా, మనము అట్టి లెక్కను ప్రార్థనతో చదివి, చేతులెత్తి ఆమోదించుచున్నాము.

సంఖ్యలు చెడ్డవని నా భావము కాదు. తెలుగు క్రైస్తవులకు 2,222 అను సంఖ్య కంఠస్థమే. అయితే దానికి ముందు జరిగినదానిని తలంచువారు తక్కువ. 1876-78 కరవులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపిరి. బాప్తిస్మము కోరి గుంపులుగా వచ్చినను, కూటికై వచ్చిరను మాట రాకుండునట్లు దాదాపు 15 నెలలు ఆపియుంచిరి. విరాళములిచ్చువారు సముద్రమునకు ఆవల నుండగా, బాప్తిస్మముల గడిని ఖాళీగా నుంచుటకు ఎంత ధైర్యము కావలెను! సహాయపు పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో బోధకులు ఇద్దరిద్దరుగా నిలిచిరి. పేళ్లు చదువబడుచుండగా ఒక్కొక్కరే నీటిలోనికి దిగిరి. సాయంకాలమునకు పేళ్లను కూడగా వచ్చినది ఆ 2,222.

వీక్షణల సంఖ్యను ఎంత కూడినను ఒక్క పేరు రాదు. ఆ చూచువారిలో మన సభ్యులే ఆలయము మాని ఇంట కూర్చుండి చూచువారెందరో, పొరుగు సంఘమువారెందరో, సువార్త ఎన్నడును విననివారెందరో ఆ సంఖ్య చెప్పజాలదు. కాపరి ఉత్తరవాదిగా నుండవలసినది పట్టీలోని పేళ్లకే.

కార్యదర్శులకు నా మనవి యిది. వచ్చు నివేదికలో సభ్యత్వమును మొదటి పుటకు తెండు. తీసివేసిన ప్రతి పేరునకు కారణమును, అంతకుముందు ఆ యింటికి ఎవరు వెళ్లిరో, ఏ తేదీన వెళ్లిరో సంఘపట్టీలో వ్రాసి, ఎవరును వెళ్లకయే కొట్టివేసిన పేళ్లు ఎన్నియో నివేదికలో చదువుడు. ప్రసారము చూచి ఫోను చేసినవారెందరో, వారిలో ఎందరి యింటికి సంఘపెద్దలు వెళ్లిరో దాని క్రింద చేర్చుడు. వీక్షణల సంఖ్యకు చివరి పుటలో ఒక పంక్తి చాలును.