కాడి, చిక్కం, మంద

పశువుల్ని చూపించి వాక్యం చెప్పడం తెలుగు క్రైస్తవ బోధలో పాత పద్ధతి. పల్లె పాస్టర్లు, ఊరూరా తిరిగిన బైబిల్ ఉమెన్, సండే స్కూల్ టీచర్లు అందరూ దీన్ని వాడినవారే. గొర్రెలు, ఎడ్లు, గాడిదలు, కోళ్లు బైబిల్లోనే అడుగడుగునా కనిపిస్తాయి కాబట్టి ఇది తేలిక పనిగా తోస్తుంది. కానీ పాలస్తీనా మంద వేరు, పాలమూరు మంద వేరు. ఆ తేడా ఎరిగినవారి చేతిలోనే ఈ పద్ధతి పండుతుంది.

అనువాదకులు సగం దారి ముందే వేసి పెట్టారు. తెలుగు బైబిల్లో ఎద్దు మూతికి వేసేది చిక్కం, ఎద్దును పొడిచేది మునికోల, గొర్రెలుండేది దొడ్డి. అన్నీ రైతు నోట్లో నానిన మాటలే. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం నూర్చే ఎద్దుకు చిక్కం వేయొద్దంటుంది. పౌలు అదే మాటను కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో బోధకుడి జీవనోపాధికి అన్వయించాడు. ఇక్కడ రైతుకో సందేహం వస్తుంది. చిక్కం వేయకుండా సేద్యం ఎలా? పైరు సాళ్లలో గుంటక తోలేటప్పుడు ఎద్దు అటూ ఇటూ మూతి పెట్టకుండా చిక్కం కట్టాల్సిందే. అనుభవమున్న బోధకుడు ముందు ఆ సంగతి ఒప్పుకుంటాడు. పైరులో చిక్కం జాగ్రత్త. కళ్ళంలో, బంతి కట్టిన ఎడ్లు పొద్దంతా కుప్ప చుట్టూ తిరుగుతూ గింజ రాలుస్తుంటే వాటి మూతికి చిక్కం వేయడం పిసినారితనం. చిక్కం ఒకటే, చోటు మారింది. ఇంతవరకు వచ్చాక కూలి ఎగ్గొట్టడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మత్తయి 11లోని కాడి పాఠం ఇంకా దగ్గరిది. కొత్త కోడెను సేద్యానికి మప్పేటప్పుడు రెండు కోడెల్ని కలిపి కట్టరు. ఎలపటనో దాపటనో ఆరితేరిన ఎద్దును పెట్టి, రెండో పక్క కోడెను కడతారు. సాలు ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో పాత ఎద్దుకు తెలుసు. కోడె దాని పక్కన నడిచి నేర్చుకుంటుంది. కాడి కుదరకపోతే మొదట తెలిసేది మెడ మీదే. వెంట్రుక రాలి, తోలు కమిలి, చివరికి పుండు పడుతుంది. అప్పుడు వడ్రంగి ఒరుసుకుపోయే చోట చెక్కి నున్న చేస్తాడు. యేసు వడ్రంగి ఇంట పెరిగినవాడని బోధకుడు గుర్తుచేసేది ఇక్కడే. సుళువైన కాడి అంటే కాడి లేకపోవడం కాదు, మెడకు సరిపోయిన కాడి.

జోడు కుదరని కాడి గురించీ లేఖనం మాట్లాడుతుంది. ఎద్దును, గాడిదను కలిపి కట్టొద్దని ద్వితీయోపదేశకాండం 22 చెబుతుంది. తెలుగు సేద్యంలో గాడిద లేదు. దానికి బదులు ఎద్దు ఎండకు, దున్న నీడకు లాగుతుందన్న సామెత అంది వచ్చింది. ఈ పాఠాన్ని పెళ్లి సంబంధాల దగ్గరే ఆపేయడం అలవాటైపోయింది గానీ, సామెతలో అంతకు మించిన విశాలత ఉంది.

గొర్రె దగ్గరికి వచ్చేసరికి భాష ఎదురు తిరుగుతుంది. గొర్రె కాపరి స్వరం ఎరుగుతుందని యోహాను 10వ అధ్యాయం. గొర్రె కసాయివాడినే నమ్ముతుందని తెలుగు సామెత. గొర్రెదాటు అంటే గుడ్డి అనుకరణ. ఈ మధ్య క్రైస్తవుల్ని ఎగతాళి చేయడానికి కూడా గొర్రె అన్న మాటే వాడుతున్నారు. పాపం కడిగితే గొర్రెబొచ్చులా తెల్లబడుతుందని యెషయా మొదటి అధ్యాయం అంటుంది. తెలంగాణ కురుమల దక్కనీ గొర్రె బొచ్చు నలుపు, దాంతో నేసిన గొంగడీ నలుపే. ఈ చిక్కుల్ని దాటించేది మంద దగ్గరి అనుభవమే. ఎరువు కోసం రైతులు పొలంలో మంద పెట్టించుకుంటారు. ముళ్లకంపతో దడి కట్టి, ఒక్క సందు వదిలి, కాపరి ఆ సందులో గొంగడి పరుచుకుని పడుకుంటే వేరే తలుపుతో పని లేదు. తోడేలైనా దొంగైనా అతన్ని దాటాలి. ఒకే అధ్యాయంలో యేసు తానే ద్వారమని, తానే కాపరినని అనడం పుస్తకం చదివేవాడికి రెండు ఉపమానాల కలగాపులగంలా కనిపించొచ్చు. మంద కాసినవాడికి అందులో తికమక లేదు.

ఒంగోలు ప్రాంతంలో పశువు ఉపమానం మాత్రమే కాదు. 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. ఆయన వెంట కదిలిన మాదిగలు ఊరి సేద్యానికి తోలు పని చేసినవారు. మోటకు బాన, ఎద్దుకు పట్టెడ, రైతుకు చెప్పులు వారి చేతి మీదుగా వచ్చినవే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కరువు వెన్నాడిన 1878లో జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. చచ్చిన పశువును మోసుకుపోవడం వారికి కులం అప్పజెప్పిన పని, దాని మాంసం ఆ పనికి ముట్టిన కూలి. అంచేత రెండో నియమం తిండికి సంబంధించినదే అయినా ఊరి కట్టుబాటుకు తగిలింది. కాడి మెడకు ఎలా ఒరుసుకుంటుందో ఆ శ్రోతలకు ఎవరూ వివరించనక్కర్లేదు.

పశువుకు పాఠంలోనే కాదు, ఆరాధనలోనూ చోటుంది. కోత పండుగ నాడు పల్లె సంఘాల్లో ధాన్యంతో పాటు కోళ్లు, గుడ్లు, మేకపిల్లలు కానుకగా వస్తాయి. తర్వాత గుడి ముందే వేలం. కాళ్లు కట్టిన పుంజు ప్రార్థన మధ్యలో కూసినా ఎవరూ విసుక్కోరు. కోడి కూయకముందే యేసును ఎరగనన్న పేతురు కథ తెలిసినవారు మాత్రం నవ్వుకుంటారు.

ఈ పద్ధతికి పెద్ద చిక్కు వలసతో వచ్చింది. హైదరాబాదులోని బోరబండ లాంటి బస్తీల్లో పెద్దలకు కళ్ళం గుర్తుంది, పిల్లలకు లేదు. మత్తయి 23లో యేసు యెరూషలేమును చూసి, కోడి తన పిల్లల్ని రెక్కల కింద చేర్చుకున్నట్టు చేర్చుకోవాలనుకున్నానంటాడు. బస్తీ పిల్లలు ఎక్కువగా ఎరిగింది చికెన్ సెంటర్ జాలీలోని బాయిలర్ కోడిని. అది యంత్రంలో పొదిగిన గుడ్డు నుంచి వచ్చింది, తల్లి రెక్క ఎరగదు. అక్కడ టీచరు వాక్యం కంటే ముందు కోడిని చెప్పాలి: ఆకాశంలో గద్ద నీడ కదలగానే తల్లి గొంతు మార్చి ఎలా పిలుస్తుందో, పది పిల్లలు ఎటువైపు నుంచి వచ్చి దూరుతాయో, రెక్కల కింది నుంచి కాళ్లు మాత్రమే ఎలా కనిపిస్తాయో.