గజ్జలోని నాడి

నాడి చూచుట యనగా మణికట్టుపై మూడు వ్రేళ్లు ఆనించుటయే యని లోకము తలచును. తల నెరసిన పిదపకూడ నేనును అట్లే ప్రవర్తించి, ఒక యువకుని రక్తపోటును నెలల తరబడి మాత్రలతో దింప యత్నించితిని. అతని చొక్కా విప్పించి, ఎడమ ప్రక్కటెముకల మీదుగా వీపుదాక సాగిన పాత మచ్చను కనుగొన్నది నా శిష్యురాలు. "సార్, ఫెమొరల్ అందడం లేదు" అని, గజ్జలోని నాడిని గూర్చి ఆమె మెల్లగా చెప్పినపుడు నాకు కలిగిన సిగ్గు ఇంకను తీరలేదు.

గుండెనుండి వెడలి, తలకును చేతులకును కొమ్మలిచ్చి క్రిందికి వంగు బృహద్ధమని, ఎడమచేతి శాఖను దాటిన వెంటనే కొందరిలో పుట్టుకతోనే నొక్కుకొని యుండును. అందుచే పైన పోటు హెచ్చి, కాళ్లకు ధార సన్నగిల్లును. 1944లో స్టాక్‌హోము నగరమున క్రాఫోర్డ్ అను శస్త్రవైద్యుడు ఆ నొక్కును కోసి తీసి, కొసలు రెండును కలిపి కుట్టెను. ఆ యువకుని మచ్చయు అట్టి కోతదే. అయితే శిశువు పెరిగినంతగా కుట్టిన చోటు పెరుగదు. ఏండ్లు గడచిన పిమ్మట అచ్చటనే ధమని మరల ఇరుకగుట కలదు. మచ్చకట్టి అంటుకొనిన కండల నడుమ రెండవసారి కత్తి నడపుట సుకరము గాదు.

కనుక ఇప్పటి త్రోవ, నేను చూడ మరచిన ఆ గజ్జయే. అదే స్టాక్‌హోములో సెల్డింగరు 1953లో ప్రకటించిన పద్ధతిని అనుసరించి, సూదిలోనుండి తీగెను, తీగెమీదుగా గొట్టమును పంపి, నొక్కునకు పైనను క్రిందను పోటు కొలుతురు. తేడా 20 మిల్లీమీటర్ల పాదరసమునకు తగ్గనిచో సాధారణముగా స్టెంటు వేయ నిశ్చయింతురు. (ఈ స్టెంటు అను మాట పండ్ల అచ్చు తీయు ముద్దను చేసిన లండను దంతవైద్యుని ఇంటిపేరు, ధమనులతో ఆయనకు పనియే లేదు.)

నన్ను ముగ్ధుని చేసినది ఆ పని చేయు వైద్యుని చేతి నిగ్రహము. ప్లాటినము, ఇరిడియముల వలయైన స్టెంటును మోసికొనిపోవు బెలూనులో సగము వెడల్పు గల మరియొక బెలూనుండును. ముందు లోపలిదానిని ఉబ్బించి, స్థానము సరిచూచి, ఆ పిమ్మటనే వెలుపలిదానిని ఉబ్బింతురు. రక్తపు విసురునకు స్టెంటు జారిపోకుండ, గుండెను క్షణకాలము అతివేగముగా కొట్టించి, ఆ విసురునే తగ్గింతురు! ఇంత చేసియు, మిక్కిలి ఇరుకైన ధమనిని ఒక్కమారే నిండుగా సాగదీయరు, చీలినచో ప్రాణాపాయము. కొంత తెరచి, మిగిలినదానిని నెలల తరువాతికి వాయిదా వేయుటయు విద్యయే. చీలిక సంభవించినచో కప్పుటకై, పొర తొడిగిన స్టెంటును ప్రక్కనే సిద్ధముగ నుంచుకొందురు.

ఆ యువకునికిని ఇట్లే స్టెంటు వేయగా, పాదములలో నాడి ఆ సాయంకాలమే తెలిసినది. పోటు మాత్రము పూర్తిగా దిగలేదు. ఇప్పటికిని రోజు కొక మాత్ర మ్రింగుచు, ఏటేట వచ్చి చేతికిని కాలికిని పోటు కొలిపించుకొని పోవుచున్నాడు.