అందుకోవడమేనా, అందించడం కూడానా?
(గ్రంథాలయ వనరుల భాగస్వామ్యం – విమర్శనాత్మక పరిశీలన)

1. పరిచయం

ఏ గ్రంథాలయమూ తన పాఠకులు కోరే గ్రంథాలన్నింటినీ తానే కొనలేదు. అందుకే గ్రంథాలయాలు ఒకదాని వద్ద ఉన్నదాన్ని మరొకటి వాడుకొనే ఏర్పాట్లు చేసుకున్నాయి. అంతర గ్రంథాలయ అరువు, ఉమ్మడి గ్రంథసూచి, కన్సార్షియం ఇందులో ముఖ్యమైన రూపాలని మీరు చదివే ఉంటారు. ఈ భాగంలో ఆ నిర్వచనాల జోలికి మళ్లీ పోవడం లేదు. ఈ ఏర్పాట్లు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాఠకుడికి ఎంతవరకు అక్కరకు వస్తున్నాయి అన్న ఒక్క ప్రశ్ననే పరిశీలిద్దాం.

2. మనకు అందుతున్నవి

ముందుగా ఉన్న మంచిని ఒప్పుకోవాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించడానికి 1991లో యు.జి.సి. ప్రారంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమం 1996లో స్వతంత్ర కేంద్రమైంది. 'ఎన్-లిస్ట్' ద్వారా అది డిగ్రీ కళాశాలలకు కూడా వేలాది ఇ-పత్రికలను, లక్షలాది ఇ-పుస్తకాలను తక్కువ రుసుముతో అందిస్తున్నది. 1988లో ఢిల్లీలో మొదలైన డెల్‌నెట్ సభ్య గ్రంథాలయాల మధ్య అరువు సేవలను నడుపుతున్నది. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా నమోదు కావచ్చు.

వీటిలో తాజాది 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ఈ పథకానికి మూడేళ్లకు రూ. 6,000 కోట్లు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల నుంచి వచ్చే దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దీని ఉద్దేశం. ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు, ఒకప్పుడు మహానగరాల గ్రంథాలయాల్లోనే దొరికిన పత్రికను తన బల్ల దగ్గరే చదవగలగడం మామూలు విషయం కాదు.

అయితే ఒకటి గమనించండి. ఇక్కడ ఎక్కువ భాగం జరుగుతున్నది కలిసి కొనుక్కోవడం. మన దగ్గర ఉన్నదాన్ని ఇతరులకు అందించడం ఇందులో దాదాపు లేదు. వనరుల భాగస్వామ్యంలో ఇది సగం పని మాత్రమే.

3. ఒక పరీక్ష: కురిక్యాల శాసనం

మిగిలిన సగం లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టపై పదో శతాబ్దపు శాసనం ఉంది. పంప కవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన ఈ శాసనంలో సంస్కృత, కన్నడాలతో పాటు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. తెలుగు పద్యచరిత్రకు ఇది చాలా విలువైన ఆధారం. దీనిపై మీరు ఒక వ్యాసం రాయాలనుకోండి. పైన చెప్పిన సేవలు ఛందస్సు మీద, శాసనశాస్త్రం మీద ఆంగ్ల వ్యాసాలను మీ ముందు పెడతాయి. కానీ మీకు కావలసింది పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో వచ్చిన కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటం. అది మీకు దగ్గరలోని ఏ గ్రంథాలయంలో ఉందో ఇంటి నుంచి తెలుసుకోగలరా?

రాష్ట్రంలోని జిల్లా, శాఖా గ్రంథాలయాల తెలుగు పుస్తకాలన్నింటినీ ఒక్కచోట వెతకగల ఉమ్మడి గ్రంథసూచి మనకు లేదు. సూచి లేనిచోట అరువు సేవ ఉన్నా ఉపయోగం తక్కువ, ఎవరిని అడగాలో తెలియదు కాబట్టి. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో మూడోది ప్రతి గ్రంథానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది, నాలుగోది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. బీరువాలో ఉండి సూచికలో కనబడని పుస్తకం విషయంలో ఈ రెండు సూత్రాలూ ఓడిపోతాయి.

2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజన ఈ చిక్కును పెంచింది. శాతవాహన నాణేలు దొరికిన కోటిలింగాల ఇప్పుడు జగిత్యాల జిల్లాలో, బౌద్ధ స్తూపమున్న ధూళికట్ట పెద్దపల్లి జిల్లాలో, వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నాయి. పాత గ్రంథాలన్నీ 'కరీంనగర్ జిల్లా' అన్న విషయశీర్షిక కిందే ఉంటాయి. 'జగిత్యాల' అని వెతికే విద్యార్థికి అవి తగలవు. పాత, కొత్త పేర్లను కలిపే 'చూడుము' సూచనలు రాయడం గ్రంథపాలకుడి పని. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

4. లిపి చిక్కు

రెండో లోపం లిపికి సంబంధించింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేలాది పాత తెలుగు గ్రంథాలను స్కాన్ చేశారు. అది గొప్ప సేవే. కానీ వాటి పేర్లను చాలావరకు రోమన్ లిపిలో, ఎవరికి తోచినట్టు వారు నమోదు చేశారు. రోమన్‌లో 'ల', 'ళ'లకు తేడా పోతుంది. దీర్ఘాన్ని ఒకరు అచ్చును రెండుసార్లు వేసి చూపితే, మరొకరు అసలు చూపరు. ఫలితంగా ఒకే గ్రంథం మూడు నాలుగు వర్ణక్రమాల్లో ఉంటుంది. మీరు వెతికిన రూపం నమోదు చేసినవారి రూపంతో కలవకపోతే ఆ పుస్తకం లేనట్టే లెక్క.

సాంకేతికత లేదని ఇప్పుడు అనలేం. యూనికోడ్‌లో తెలుగు 1991లోని తొలి రూపం నుంచే ఉంది. ఉచితంగా దొరికే కోహా వంటి సాఫ్ట్‌వేర్‌లో తెలుగులోనే సూచిని తయారు చేయవచ్చు.

5. ఆదిలాబాద్ చెప్పే పాఠం

గోండుల సంస్కృతిపై పరిశోధించే వారికి క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ పేరు పరిచయమే. ఆయన 1940లలో మార్లవాయిలో ఉండి పనిచేశారు. ఆదిలాబాద్ రాజ్‌గోండులపై ఆయన గ్రంథం 1948లో వెలువడింది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయ సేకరణలో ఉన్నాయి. వాటిలో చాలా వాటిని ఆన్‌లైన్‌లో చూడవచ్చు. మార్లవాయి మనవడు తన తాతల కాలపు ఊరిని లండన్ గ్రంథాలయం ద్వారా చూడవలసి వస్తున్నది. ఇందులో లండన్ తప్పేమీ లేదు. వారు భద్రపరిచి, వివరాలు నమోదు చేసి, తెరిచి పెట్టారు. మన గ్రంథాలయాలు చేయవలసిందీ అదే.

ఈ పని ఇక్కడా సాధ్యమేనని గుంజాల రుజువు చేసింది. నార్నూర్ మండలంలోని ఈ ఊళ్లో దొరికిన గోండి రాతప్రతులపై ఊరి పెద్దలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి పనిచేశారు. 2018 జూన్‌లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో స్థానం దక్కింది. ఇప్పుడు ఆ లిపిలోనే సూచిపత్రం రాయడానికి వీలుంది. రాసే గ్రంథపాలకుడు కావాలి.

6. అభ్యంతరాలు

'ఉన్న రోజువారీ పనికే సిబ్బంది చాలరు, సూచి ఎవరు చేస్తారు?' అని అడగవచ్చు. న్యాయమైన మాటే. కానీ అన్ని గ్రంథాలనూ ఒకేసారి చేయనక్కరలేదు. స్థానిక చరిత్ర బీరువాతో మొదలుపెట్టవచ్చు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకం వసూలవుతుంది. అంటే జిల్లా గ్రంథాలయాన్ని పోషిస్తున్నది ఆ జిల్లా ప్రజలే. వారి డబ్బుతో కొన్న పుస్తకాల జాబితా వారికి కనబడాలని కోరడం అత్యాశ కాదు.

'కాపీరైటు అడ్డొస్తుంది' అన్నది మరో అభ్యంతరం. గ్రంథాన్ని స్కాన్ చేసి పెట్టేటప్పుడు ఆ ప్రశ్న వస్తుంది. మన చట్టంలో హక్కు రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. గ్రంథం పేరు, రచయిత, దొరికే చోటు ప్రకటించడానికి ఆ అడ్డు లేదు.

అందుకోవడం, అందించడం రెండూ కలిసిన ఏర్పాటు మన దేశంలోనే ఉంది. అదే శోధ్‌గంగ. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పించాలని 2009లో యు.జి.సి. నిబంధన పెట్టింది. వాటిని ఇచ్చే విశ్వవిద్యాలయమే ఇతరుల సిద్ధాంత గ్రంథాలనూ చదువుతున్నది. తెలుగు సిద్ధాంత గ్రంథాలు ఎవరి చందా అవసరం లేకుండా మీకు దొరుకుతున్నాయంటే కారణం ఇదే. ఈ పద్ధతిని జిల్లా గ్రంథాలయాలకు విస్తరించాలి.

7. సారాంశం

జాతీయ కన్సార్షియాలు ప్రపంచ పత్రికలను మన దగ్గరకు తెచ్చాయి. మన ప్రాంతపు గ్రంథాలు మాత్రం మనకే కనబడకుండా ఉన్నాయి. తెలుగు లిపిలో ఉమ్మడి గ్రంథసూచి, పాత–కొత్త జిల్లా పేర్ల అనుసంధానం, స్థానిక సేకరణల నమోదు – ఈ మూడూ జరిగేదాకా వనరుల భాగస్వామ్యం పూర్తయిందని చెప్పలేం. దూరవిద్యలో చదివే మీకు రోజూ వెళ్లగల కళాశాల గ్రంథాలయం లేదు. కాబట్టి ఈ లోపం అందరికన్నా ముందు తగిలేది మీకే. ఏయే ఆన్‌లైన్ సేవలకు మీకు అర్హత ఉందో మీ అధ్యయన కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

8. అభ్యాసం

1. మీ ప్రాంత చరిత్రకు సంబంధించిన ఒక గ్రంథాన్ని ఎంచుకొని, దాని పేరును తెలుగులోనూ, రోమన్‌లో మూడు వర్ణక్రమాల్లోనూ జాతీయ డిజిటల్ లైబ్రరీలో వెతకండి. ఫలితాల్లో తేడాలను నమోదు చేయండి.
2. మీకు దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో స్థానిక విషయాలపై ఉన్న పది గ్రంథాల జాబితా తెలుగు లిపిలో తయారుచేసి, గ్రంథపాలకునికి ఒక ప్రతి ఇవ్వండి.
3. 'కలిసి కొనుక్కోవడం వేరు, పంచుకోవడం వేరు.' ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? 15 పంక్తుల్లో చర్చించండి.